‘పాలు’ అంటే వాటా: ఒక మాట మూలాన్ని రాబట్టే తీరు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో అన్నదమ్ములు భూమి పంచుకునే చోట ‘నా పాలికి ఎంత వచ్చింది’ అన్న ప్రశ్న వినిపిస్తుంది. ఈ పాలు బర్రె ఇచ్చేవి కావని అందరికీ తెలుసు. అయితే ఆ సంగతిని రుజువు చేయాలన్నా, మాట పుట్టుక తేల్చాలన్నా నిఘంటువు తెరవకముందే చేయవలసిన పని ఒకటి ఉంది: మాటను ఒంటరిగా కాక, విన్న వాక్యంతో సహా రాసుకోవాలి.

రాసుకున్న వాక్యాలలో మొదట వచనాన్ని చూడాలి. తాగే పాలు ఎప్పుడూ బహువచనమే. ‘పాలు పొంగాయి’ అంటాము గాని ‘పొంగింది’ అనము. వాటా అనే అర్థంలో పాలు ఏకవచనం. దానికి ‘పాళ్ళు’ అనే బహువచనం వేరుగా ఉంది. మేస్త్రి ‘ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ళు ఇసుక’ అన్నప్పుడు ఈ రెండు రూపాలూ ఒకే వాక్యంలో దొరుకుతాయి. తరువాత విభక్తి చేరినప్పుడు మాట ఎలా మారుతుందో గమనించాలి. తాగేది ‘పాల’ అవుతుంది (పాలగిన్నె, పాలలో). వాటా ‘పాలి’ అవుతుంది (నా పాలికి, మా పాలిట). నా దృష్టిలో ఏ నిఘంటువు కన్నా ఈ పరీక్షే గట్టి సాక్ష్యం, ఎందుకంటే మాట్లాడేవారు దీన్ని తెలియకుండానే పాటిస్తారు.

అర్థాలను పోగుచేసేటప్పుడు పొలానికే పరిమితం కాకూడదు. అప్పులపాలు, నీటిపాలు, ‘దొంగల సొమ్ము దొరలపాలు’ అన్న సామెత, ‘నూటికి తొంభై పాళ్ళు’ అన్న అంచనా, అన్నీ ఈ మాటవే. ఒకరి వంతుకు పోవడం అన్న అర్థం నుంచే ఒకరి వశమైపోవడం, ఆపైన నాశనమైపోవడం అన్న అర్థాలు సాగాయని ఈ ప్రయోగాలను వరుసగా పెట్టుకుంటే కనబడుతుంది. తెలంగాణలో దాయాదులను పాలోళ్ళు అంటారు. ఆస్తిలో పాలు ఉన్నవారే చావు మైలను కూడా పంచుకుంటారు కాబట్టి ఆ పేరు చక్కగా అతికింది.

ఇక మూలం. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులో, 1885 నాటి శబ్దరత్నాకరంలో అర్థాలు చూసుకున్నాక, బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువుకు (1961, రెండవ కూర్పు 1984) వెళ్ళాలి. అందులో పాలు, పంచు, పగులు ఒకే కుటుంబంలో కనిపిస్తాయి. చీలడం, చీల్చడం అన్నది వాటి మూలార్థం. ‘పాలుపంచుకొను’ అన్నప్పుడు ఆ కుటుంబంలోని ఇద్దరు తోబుట్టువులను ఒకేసారి పలుకుతున్నామన్న మాట. తమిళంలో పాల్ అంటే భాగం. తిరుక్కురళ్‌లోని మూడు విభాగాల పేర్లూ ఆ మాటతోనే ముగుస్తాయి. అన్నిటికన్నా స్పష్టమైన తేడా కన్నడంలో ఉంది: అక్కడ తాగేది హాలు, పంచుకునేది పాలు. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం వచ్చినవారిని అడిగితే చాలు, ఇవి రెండు వేర్వేరు మాటలని తేలిపోతుంది.

పక్కనున్న మాటలను కూడా ఇలాగే విడదీయాలి, లేకపోతే అన్నీ ఒకే చోట పుట్టినట్టు అనిపిస్తాయి. ‘భాగం’ సంస్కృత ధాతువు ‘భజ్’ నుంచి వచ్చింది. త్యజ్ నుంచి త్యాగం వచ్చినట్టే ఇక్కడా జకారం గకారమైంది. విభజన, విభక్తి, భాగ్యం దాని బంధువులే. ‘హిస్సా’ అరబ్బీ మాట. ఫారసీ, ఉర్దూల మీదుగా నిజాం కాలపు దస్త్రాలలో స్థిరపడింది. ‘వాటా’కు మరాఠీలో అదే రూపం, అదే అర్థం ఉన్నాయి.

ఊరి పేర్ల దగ్గర మాత్రం తొందరపడకూడదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు రాకముందు మహబూబ్‌నగర్ పాలమూరే. అందులో ఉన్నది ‘పాలి’ కాదు, ‘పాల’. కనుక వాటా అనే అర్థం అక్కడ పొసగదు. అలాగని పాడి ఎక్కువ కాబట్టి ఆ పేరు వచ్చిందని తేల్చేయడానికీ వీలులేదు, ఎందుకంటే పాలచెట్టుకు కూడా రూపం ‘పాల’యే.