నీటి సరఫరా కేంద్రంలో పనిచేసేవాళ్లను రేడాన్ నుంచి ఎలా కాపాడాలి?

నీళ్లు ఎంతున్నాయో చూడటానికి సంపు మూత తీసి తల లోపలికి పెట్టడం చాలామంది ఆపరేటర్లకు అలవాటు. భూగర్భ జలం వాడే చోట ముందుగా మాన్పించాల్సింది ఇదే. రాళ్లలోని యురేనియం నుంచి పుట్టే రేడాన్ వాయువు ఆ నీళ్లలో కరిగి ఉంటుంది. పైపులోంచి నీళ్లు ట్యాంకులోకి దూకినప్పుడు గాల్లో కలుస్తుంది. రంగుండదు, వాసనుండదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. పొగతాగేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

గ్రానైట్ కొండలున్న జర్మనీలో నీటి కేంద్రాల గాలిని కొలవడం 2018 చివరి నుంచి చట్టప్రకారం తప్పనిసరి. నల్గొండ, హైదరాబాద్ చుట్టుపక్కల బోర్లు పడేదీ గ్రానైట్‌లోనే కాబట్టి అక్కడి పద్ధతి మనకూ పనికొస్తుంది.

1. కొలవండి. అగ్గిపెట్టెకు కాస్త పెద్దగా ఉండే ప్లాస్టిక్ డిటెక్టర్లు దొరుకుతాయి. మనిషి ఊపిరి పీల్చే ఎత్తులో, పంప్ హౌస్‌లో, ఫిల్టర్ల దగ్గర, ఆఫీసు గదిలో పెట్టి ఏడాది ఉంచాలి. తేమను తట్టుకునే రకమే తీసుకోండి. జర్మనీలో సగటు ఘనపు మీటరు గాలికి 300 బెకరెల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) దాటితే తగ్గించే పని మొదలుపెట్టాలి.

2. గంటలు రాయండి. అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. 300 ఉన్న గదిలో వారానికి 40 గంటలు కూర్చున్నా, 10,000 ఉన్న ట్యాంకు గదిలో 72 నిమిషాలు గడిపినా ఊపిరితిత్తులకు పడే భారం ఒకటే. అందుకే ఎవరు ఏ గదిలో ఎంతసేపు ఉన్నారో రిజిస్టర్‌లో ఉండాలి.

3. గాలిని విడదీయండి. అన్నిటికంటే ఫలితమిచ్చేది ఇదే. ట్యాంకు గదికీ మనుషులుండే గదికీ మధ్య రబ్బరు అంచున్న బిగుతైన తలుపు, నీటి మట్టం చూడటానికి అద్దం కిటికీ పెట్టండి. కేబుళ్లు వెళ్లే రంధ్రాలు కూడా మూయాలి, గాలి అక్కడి నుంచే దొంగతనంగా వస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలిని ఆరుబయటికి, కిటికీలకు దూరంగా వదలాలి. లోపలికొచ్చే గాలికి ఫిల్టర్ ఉండాలి, లేదంటే తాగునీళ్లు పాడవుతాయి.

4. ట్యాంకు కడిగే రోజు తొందరపడొద్దు. నీళ్లు ఖాళీ చేసి, ఫ్యాన్ బాగా తిప్పాకే దిగాలి. పని జరుగుతున్నంతసేపూ ఫ్యాన్ ఆపకూడదు. మంచి డస్ట్ మాస్కు రేడాన్‌ను ఆపలేదు కానీ, దాన్నుంచి పుట్టి దుమ్ముకు అంటుకునే కణాలను చాలావరకు ఆపుతుంది. ఎక్కువ హాని చేసేవి ఆ కణాలే.

మార్పులు చేశాక మళ్లీ కొలిచి, వచ్చిన అంకెను ఆ గది తలుపు మీదే తెలుగులో అంటించండి. లోపలికి వెళ్లే మనిషికి అది తెలిసే హక్కుంది.