ఇంటి ఫోటోలు, వీడియోలకు సొంత సర్వర్: ఎవరికి ఏది కనిపించాలో మీరే నిర్ణయించుకునేలా

పెళ్లి వీడియో, పాప మొదటి అడుగులు, తాతయ్య పాడిన పద్యం... ఇవన్నీ వాట్సాప్ గ్రూపులో మామూలుగా పంపితే అవతలివాళ్లకు చేరేది కుదించిన కాపీ మాత్రమే. కెమెరా నమోదు చేసిన తేదీ, ఇతర వివరాలు కూడా అందులో ఉండవు. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే దాని మీద జెల్లీఫిన్ పెట్టుకోండి. అందులోని ఫోటోలు, వీడియోలను ఇంట్లోవాళ్ల ఫోన్లలో, టీవీలో చూపించే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం, ఓపెన్ సోర్స్. 2018 డిసెంబర్‌లో ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చింది. ఇన్‌స్టాల్ చేయడం తేలికే. అసలు శ్రమంతా ఫైళ్లను సిద్ధం చేయడంలోనే ఉంది. అది సగంలో వదిలేసి సర్వర్ పెడితే తర్వాత రెట్టింపు పని పడుతుంది.

ముందు పేర్లు. ఫోల్డర్ పేరు తేదీతో మొదలవ్వాలి, అదీ సంవత్సరం-నెల-రోజు వరసలో: "2023-11-05 అక్క పెళ్లి". ఇలా పెడితే పేర్ల వరసే కాలక్రమం అవుతుంది. తెలుగులో పేర్లు పెట్టొచ్చు, కానీ పొట్టిగా పెట్టండి. లినక్స్‌లో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. అక్షరాలను కంప్యూటర్ బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరాలు, గుణింతపు గుర్తులు, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటాయి. "శ్రీ" కంటికి ఒకే అక్షరం, లోపల మాత్రం శ, పొల్లు, ర, దీర్ఘం కలిపి 12 బైట్లు. పొడవాటి తెలుగు పేరున్న ఫైలు కాపీ కాకుండా మొరాయించడానికి తరచు ఇదే కారణం.

కెమెరా గడియారం తప్పుగా ఉండి తేదీలు జరిగిపోతే ఒక్కో ఫోటో దిద్దుతూ కూర్చోవద్దు. ఫోటోలు సర్దుకునే ప్రోగ్రాం డిజికామ్‌లో ఆ ఫోటోలన్నీ ఎంచుకుని తేడా ఎంతో ఇస్తే అన్నీ ఒకేసారి జరుగుతాయి. స్కాన్ చేసిన పాత ఫోటోలకు సాధారణంగా స్కాన్ చేసిన రోజే తేదీగా పడుతుంది. వాటిని చేత్తో మార్చక తప్పదు.

ఇక వీడియోలు. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. చాలా ఫోన్లు వీడియోను హెచ్ఈవీసీ అనే కుదింపు పద్ధతిలో తీస్తాయి. కొన్ని బ్రౌజర్లు, పాత టీవీలు దాన్ని నేరుగా ఆడించలేవు. అప్పుడు సర్వర్ అప్పటికప్పుడు దాన్ని మార్చి పంపాలి. పాత ప్రాసెసర్‌కు అంత శక్తి ఉండదు కాబట్టి బొమ్మ ఆగి ఆగి వస్తుంది. నెట్ బాగాలేదని రౌటర్ మార్చే ముందు, ప్లేయర్ సెట్టింగుల్లో ప్లేబ్యాక్ సమాచారం తెరిచి చూడండి. అక్కడ "ట్రాన్స్‌కోడింగ్" (అంటే అప్పటికప్పుడు మార్చి పంపడం) అని ఉంటే కారణం కూడా పక్కనే ఉంటుంది.

దీనికి మందు, చూడటానికి వేరే కాపీ తయారు చేసుకోవడమే. వీడియోలను మార్చే ప్రోగ్రాం హ్యాండ్‌బ్రేక్‌లో ఎంపీ4 ఫార్మాట్, ఎక్కువ చోట్ల నేరుగా ఆడే హెచ్.264, క్వాలిటీ ఆర్ఎఫ్ (అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది) 20 నుంచి 22 మధ్య, ఆడియో ఏఏసీ 160 కేబీపీఎస్ ఎంచుకోండి. "వెబ్ ఆప్టిమైజ్డ్" గడిలో టిక్ పెట్టండి. అది ఫైలు సూచికను మొదట్లోకి తెస్తుంది, కాబట్టి లింకు ద్వారా తెరిచినా పూర్తిగా దిగేదాకా ఆగకుండా వీడియో మొదలవుతుంది. అసలు ఫైలును మాత్రం చెరపొద్దు. దాన్ని వేరే ఫోల్డర్‌లో ఉంచండి, ఆ ఫోల్డర్‌ను జెల్లీఫిన్‌కు చూపించొద్దు.

లైబ్రరీలు పెట్టేటప్పుడు, చూసేవాళ్లను బట్టి విడగొట్టండి: అందరికీ ఒకటి, ఇంట్లోవాళ్లకు ఒకటి, పిల్లలకు ఒకటి. రకం "హోమ్ వీడియోలు, ఫోటోలు" అని ఎంచుకోండి. "సినిమాలు" అని పెడితే మీ పెళ్లి వీడియోకు ఏదో సినిమా పోస్టర్ తగిలించే ప్రమాదముంది. ఆ తర్వాత డ్యాష్‌బోర్డ్‌లో ఒక్కొక్కరికీ ఖాతా తెరిచి, అన్ని లైబ్రరీలకు అనుమతి అన్న టిక్ తీసేసి, కావలసినవే ఇవ్వండి. ఫైళ్లు చెరిపే అనుమతి ఎవరికీ వద్దు. ఒకే ఖాతాను నలుగురు వాడితే ఎవరు ఎక్కడ ఆపారో, ఎవరికి ఏది ఇష్టమో అంతా కలగాపులగమవుతుంది.

బయటి ఊళ్లవాళ్లకు చూపించాలంటే రౌటర్‌లో జెల్లీఫిన్ వాడే 8096 పోర్టు తెరవమని చెప్పేవాళ్లుంటారు. వద్దు. ఆ పోర్టులో నడిచేది ఎన్‌క్రిప్షన్ లేని హెచ్‌టీటీపీ. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్‌ను (మీ పరికరాల మధ్య ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రైవేటు దారిని) సర్వర్ మీద, వాళ్ల ఫోన్ల మీద పెట్టించండి. తర్వాత లెక్క చూసుకోండి: 8 ఎంబీపీఎస్ వీడియో గంటకు 3.6 జీబీ లాగుతుంది. మీ అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ అయితే ఒకరికి మించి చూడలేరు. ఖాతా సెట్టింగుల్లో బిట్‌రేట్‌కు, అంటే సెకనుకు వెళ్లే డేటాకు, హద్దు పెట్టొచ్చు, కానీ హద్దు దాటిన వీడియోను సర్వర్ మళ్లీ మార్చి పంపాల్సిందే. బయటివాళ్ల కోసం 3 ఎంబీపీఎస్ లోపు కాపీలు ముందే చేసి ఉంచడం మేలు.

డౌన్‌లోడ్ అనుమతి ఇస్తే వెళ్లేది ఫైలు ఉన్నది ఉన్నట్టుగా, ఫోటోలో దాగిన జీపీఎస్ స్థానంతో సహా. పిల్లల ఫోటోల విషయంలో ఇది చాలా జాగ్రత్తగా చూడాల్సిన సంగతి. పంచే కాపీల నుంచి స్థానాన్ని తొలగించాకే లైబ్రరీలో పెట్టండి. అన్నీ సర్దాక మీ ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద, అడ్మిన్ ఖాతాతో కాకుండా బంధువుల కోసం తెరిచిన ఖాతాతో లాగిన్ అయి, ఏం కనిపిస్తోందో చూసి అప్పుడు వాళ్లకు పాస్‌వర్డ్ పంపండి.