బస్తాల బండికి ఏ వైర్‌లెస్ పెట్టాలి?

మిర్యాలగూడలో మోటర్లు, కంట్రోల్ ప్యానెళ్లు బాగుచేసే పని నాది. నిరుడు ఒక రైస్ మిల్లుకు కాంటా దగ్గర్నుంచి గోదాముకు బస్తాలు మోసే, రిమోట్‌తో నడిచే చిన్న బండి చేసిచ్చాను. బ్యాటరీ, మోటర్లు బాగానే కుదిరాయి. సతాయించింది వైర్‌లెస్సే.

మొదట హెచ్‌సీ-05 అనే బ్లూటూత్ మాడ్యూల్ (సిగ్నల్ అందుకునే చిన్న బోర్డు) పెట్టాను. షాపు ముందు రోడ్డు మీద చక్కగా నడిచింది. మిల్లులో ఇనుప ఎలివేటర్ వెనక్కి పోగానే సిగ్నల్ పోయింది గానీ బండి ఆగలేదు. చివరగా అందిన మాట 'ముందుకు' కదా, ముందుకే పోయి బస్తాలను గుద్దింది. పక్కకు దూకిన హమాలీ, "అన్నా, నీ బండికి చెవుడా?" అన్నాడు.

అందుకే మాడ్యూల్ కొనకముందే ఒక పని చేయండి. రిమోట్ ప్రతి 100 మిల్లీ సెకన్లకు 'ఉన్నా' అని మెసేజ్ పంపాలి. 500 మిల్లీ సెకన్లు అది రాకపోతే మోటర్లు ఆగాలి. ఎమర్జెన్సీ బటన్ మాత్రం వైర్‌తో బండి మీదే ఉండి, మోటర్ కరెంటును నేరుగా కట్ చేయాలి. ఇవి లేకుండా ఎంత ఖరీదైన రేడియో కొన్నా వేస్టే.

తర్వాత, ఏం పంపాలో చూసుకోండి. కెమెరా వీడియో కావాలంటే వైఫై తీసుకోండి. బత్తాయి తోటలో తిరిగే బండి ఎక్కడుందో, బ్యాటరీ ఎంతుందో నిమిషానికోసారి తెలిస్తే చాలంటే లోరా అనే రకం రేడియో మంచిది. దూరం పోతుంది, కరెంటు తక్కువ తాగుతుంది. కాకపోతే చాలా నిదానం, వీడియో ఊసెత్తొద్దు. మన దేశంలో లోరాకు లైసెన్స్ లేకుండా వాడదగ్గ ఫ్రీక్వెన్సీ 865–868 మెగాహెర్ట్జ్. చవగ్గా వస్తుందని 915ది కొనకండి. దేనికైనా యాంటెన్నా బిగించాకే కరెంటివ్వండి, లేదంటే రేడియో కాలిపోవచ్చు.

డబ్బా మీద రాసిన దూరాన్ని నేను నమ్మను. అది అడ్డేమీ లేని మైదానం లెక్క. తోటలో ఆకుల్లోని నీళ్లే బ్లూటూత్, వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను మింగేస్తాయి.

చివరికి మిల్లు బండికి బయటి యాంటెన్నా పెట్టుకునే ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోల్ బోర్డు) వేశాను. బోర్డు ఇనుప డబ్బాలో ఉంటుంది, లోపలి యాంటెన్నాతో సిగ్నల్ బయటికి రాదు. యాంటెన్నాను పీవీసీ పైపు మీద మీటరు ఎత్తున కట్టాను. వైఫై రూటర్లు రెండు పెడితే, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేటప్పుడు మధ్యలో తెగి బండి ఆగిపోయేది. ఒకటి తీసేసి, రెండోదాన్ని కప్పు కింద మధ్యలో వేలాడదీశాను.

ఫోన్‌లో సిగ్నల్ యాప్ పెట్టుకుని బండి పోయే దారంతా నడిచాను. సిగ్నల్ బలం మైనస్ 75 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క) కంటే పడిపోయిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టాను. ఖాళీ గోదాములో రెండే గీతలు. యాసంగి ధాన్యం దిగి బస్తాలు పేర్చాక మళ్లీ నడిస్తే తొమ్మిదయ్యాయి. మీరు మాత్రం గోదాము నిండినప్పుడే కొలవండి.