వానల్లో గుంటుపల్లి గుహలకు బయల్దేరుతున్నారా, కాస్త ఆగండి

ఆగస్టు 15 పక్కన శని ఆదివారాలు కలిసొస్తే చాలు, మన హైదరాబాద్ గ్రూపుల్లో "ఎక్కడికి పోదాం" మొదలవుతుంది. ఈసారి మా బ్యాచ్‌లో గుంటుపల్లి పేరు వచ్చింది. ఏలూరు దాకా రైలు, అక్కడి నుంచి కారు, కామవరపుకోట దాటి జీలకర్రగూడెం, ఆ ఊరి కొండమీద రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధ గుహలు. నేను ఒకసారి జులైలో వెళ్ళి మోకాలు చిట్లించుకుని వచ్చినవాడిని కాబట్టి చెబుతున్నా, కుదిరితే నవంబరు దాకా ఆగండి.

అసలు తమాషా ఏంటంటే, బౌద్ధ భిక్షువులు మిగతా కాలమంతా ఊళ్ళు తిరిగినా వానాకాలం మూడు నెలలు ఒకేచోట ఉండిపోయేవాళ్ళు, దాన్ని వర్షావాసం అంటారు. అంటే వాళ్ళు వానకు కొండ దిగకుండా కూర్చున్నారు, మనమేమో సరిగ్గా అదే వానలో ఎక్కి, గంటలో ఫోటోలు దిగి, పరుగున దిగిపోదామనుకుంటాం. వాన పడ్డాక రాతి మెట్లు, గుహల ముందరి బండలు పాకుడు పట్టి సబ్బు రాసినట్టు ఉంటాయి. చెప్పులు, అరిగిన స్పోర్ట్స్ షూస్ వద్దు. ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది, నేను పడింది దిగేటప్పుడే.

పడితే మోకాలు పోతుంది, అంతే. నాకు అంతకంటే ఎక్కువ భయం తేనెటీగలంటే. ఇలాంటి కొండల్లో రాతి అంచుల కింద పెద్ద పట్లు పెడతాయి, అవి పెట్టెల్లో పెంచే తేనెటీగల్లాంటివి కావు, కదిలిస్తే గుంపుగా వెంటపడతాయి. సెంటు కొట్టుకుని వెళ్ళకండి, సిగరెట్ వెలిగించకండి, డ్రోన్ ఊసే వద్దు, గుహలో గొంతు ప్రతిధ్వనిస్తుందా అని అరిచి చూసే సరదా కూడా మానండి. ఒక్కటి కుట్టినా అక్కడ నిలబడి చేతులు ఊపొద్దు, కుట్టినచోట వచ్చే వాసనకే మిగతావి వస్తాయి. ముఖానికి చున్నీయో తువ్వాలో కప్పుకుని పరుగెత్తి కారెక్కి అద్దాలు మూసేయండి. ముల్లు ఎలా తీశామన్నది కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం, గోరుతో గీకేసినా చాలు. ఊపిరి ఆడకపోయినా, పెదాలు వాచినా ఇంటి వైద్యం పెట్టుకోకుండా ఆసుపత్రికి పోవాలి.

పాము సంగతి. భిక్షువుల గదులు చల్లగా, చీకటిగా ఉంటాయి, వానకు పుట్టలు మునిగిన పాములకూ అవే కావాలి. టార్చ్ వేయకుండా లోపల కాలు పెట్టొద్దు, రాతి సందుల్లో చెయ్యి అసలే పెట్టొద్దు. కరిస్తే కట్టు బిగించడం, బ్లేడుతో కోయడం, మంత్రం, ఇవేవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. మన దగ్గర దొరికే విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే, కాబట్టి పామును వెతికి పట్టుకుని డాక్టర్‌కి చూపించాల్సిన పనిలేదు.

గబ్బిలాల కంపు కొట్టే గుహలోకి ఎన్95 మాస్క్ లేకుండా పోకండి, ఆ రెట్ట దుమ్ములో ఊపిరితిత్తులకు పట్టే బూజు ఉండొచ్చు. ఆస్తమా ఉన్నవాళ్ళు బయటే ఉంటే మంచిది.

గుంటుపల్లివి కొండకు తొలిచిన చిన్న గుహలు, నీళ్ళలో చిక్కుకునే భయం పెద్దగా లేదు. ఇది చదివి ధైర్యం వచ్చి అడవుల్లో సహజంగా ఏర్పడిన గుహల్లోకి వానల్లో దూరకండి, దాని లెక్క వేరు. 2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లో థామ్ లువాంగ్ గుహలోకి వెళ్ళిన 12 మంది పిల్లలు, వాళ్ళ కోచ్ వరద నీటికి చిక్కి, చివరివాళ్ళు జులై 10న గానీ బయటికి రాలేదు. ఆ కోచ్ ఒకప్పుడు బౌద్ధ భిక్షువు, లోపల పిల్లలతో ధ్యానం చేయించి నిబ్బరంగా ఉంచాడు. వాళ్ళ కోసం వెళ్ళిన ఒక డైవర్ మాత్రం ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఇంకోటి, గుండ్రటి చైత్యం, అంటే భిక్షువుల ప్రార్థన మందిరం, లోపల తల ఎత్తి చూడండి, గుడిసె వాసాల్లాగే రాతిని చెక్కారు. నాకైతే ఆ కొండ మొత్తంలో అదొక్కటీ చాలు. అక్కడి స్తూపాన్ని ఊరివాళ్ళు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు, మీ నమ్మకం ఏదైనా చెప్పులు బయట విడవండి, వాదనలు పెట్టుకోకండి. గోడలమీద పేర్లు చెక్కే వీరులకు ఒక మాట, ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు, పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

నీళ్ళు మనిషికి రెండు లీటర్లు, రెండు టార్చ్‌లు. సాయంత్రం నాలుగుకల్లా దిగడం మొదలుపెట్టండి. ఏ టైముకి దిగుతారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి, అక్కడ సిగ్నల్ ఉంటుందని నమ్ముకోవద్దు. మా బ్యాచ్‌కి ఇదంతా చెప్పాక టికెట్లు నవంబరుకి మార్చారు, ఒక్కడు తప్ప, వాడితో ఇంకా మాట్లాడుతున్నా.