పాత సబ్‌వూఫర్‌కు కొత్త యాంప్లిఫయర్: కారులో రెండింటినీ జత కలపడం ఎలా

పాత కారులోంచి విప్పి దాచుకున్న సబ్‌వూఫర్‌ను (మంద్ర స్వరాలను మోగించే పెద్ద స్పీకరును) కొత్త యాంప్లిఫయర్‌తో (స్టీరియో సిగ్నల్‌ను పెంచి స్పీకరుకు అందించే యంత్రంతో) వాడుకోవాలనుకునేవారు సాధారణంగా రెండింటి మీదా అచ్చయిన వాట్ల అంకెలను పక్కపక్కన పెట్టి చూసి, సరిపోయాయనుకుని తీగలు బిగించేస్తారు. ఆ రెండు అంకెలూ వేర్వేరు కాలాలకు చెందినవి, వాటిని లెక్కకట్టిన పద్ధతులూ వేరు. కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఆ అంకెల అర్థం తేల్చుకోవాలి.

ఇంజిను నడుస్తున్నప్పుడు కారులో దొరికే విద్యుత్తు దాదాపు 14 వోల్టులు మాత్రమే. ఆ వోల్టేజీని పెంచకుండా నేరుగా వాడుకునే స్టీరియో చిప్ నుంచి 4 ఓముల (ఓము అంటే విద్యుత్ నిరోధానికి కొలత) స్పీకరుకు శుద్ధమైన స్వరంగా అందే శక్తి లెక్క ప్రకారమే 26 వాట్లు దాటదు, వాస్తవంలో 20 వాట్ల దగ్గర ఆగిపోతుంది. విడిగా ఉండే యాంప్లిఫయర్ లోపల వోల్టేజీని పెంచే పవర్ సప్లై ఉంటుంది కాబట్టే అది వందల వాట్లు ఇవ్వగలుగుతుంది. అయితే ఆ వాట్లను ఎలా ప్రకటించాలన్న విషయంలో చాలాకాలం ఎవరి లెక్క వారిది. కొందరు క్షణకాలం అందే గరిష్ఠ శక్తిని పెద్ద అక్షరాలతో వేసేవారు. 1990లలో కారు సౌండ్ పోటీల కోసం తయారైన యాంప్లిఫయర్ల సంగతి ఇందుకు సరిగ్గా తలకిందులు. వాట్లను బట్టి పోటీ విభాగాలు నిర్ణయించేవారు కనుక 4 ఓముల దగ్గర చిన్న అంకె చూపించి, ఓములు తగ్గించినప్పుడు దానికి ఎన్నో రెట్లు ఇచ్చే యంత్రాలు తయారయ్యాయి. 2003లో వచ్చిన సీఈఏ-2006 ప్రమాణం దీనికి ఒక పద్ధతి తెచ్చింది: 14.4 వోల్టుల దగ్గర, 4 ఓముల మీద, వక్రీకరణ 1 శాతం మించకుండా అందే నిరంతర శక్తినే చెప్పాలి. కొత్త యాంప్లిఫయర్ కొనేటప్పుడు ఈ ప్రమాణం ప్రకారం ఇచ్చిన అంకెనే చూడండి.

పాత యాంప్లిఫయర్‌ను అంచనా వేయాలంటే దాని మీది అక్షరాలకన్నా దాని ఫ్యూజులను నమ్మడం మేలు. రెండు 30 ఆంపియర్ల ఫ్యూజులు ఉంటే అది తీసుకోగలిగింది 60 ఆంపియర్లు, అంటే 13.8 వోల్టుల దగ్గర 828 వాట్లు. ట్రాన్సిస్టర్లు సగం తెరుచుకుని పనిచేసే క్లాస్ ఏబీ రకమైతే అందులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే స్పీకరుకు చేరుతుంది, మిగిలినదంతా వేడిగా పోతుంది. ఆ అల్యూమినియం రెక్కలు, ఆ బరువు అందుకోసమే. ఇప్పటి క్లాస్ డీ యాంప్లిఫయర్లలో ట్రాన్సిస్టర్లు సగం తెరుచుకుని ఉండవు, అతివేగంగా పూర్తిగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి కాబట్టి 80 శాతానికి పైగా శక్తి స్పీకరుకే అందుతుంది. అదే 500 వాట్ల కోసం పాతది 66 ఆంపియర్ల వరకు లాగితే కొత్తది 45 ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. నా దృష్టిలో ఇన్నేళ్లలో వచ్చిన మార్పులన్నింటిలో వాడేవారికి అత్యంత మేలు చేసింది ఇదే, ఎందుకంటే బ్యాటరీ మీద, ఆల్టర్నేటర్ మీద భారం నేరుగా తగ్గింది.

ఇప్పుడు సబ్‌వూఫర్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టి పరీక్షించండి. కోన్ (ముందు కదిలే గరాటు లాంటి భాగం) చుట్టూ ఉన్న అంచు ఫోముతో చేసినదైతే వేలితో మెల్లగా నొక్కి చూడాలి. పొడిపొడిగా రాలితే దాన్ని మార్పించకుండా ముందుకు వెళ్లకూడదు. తరువాత రెండు చేతుల వేళ్లనూ కోన్ మీద ఎదురెదురుగా ఆనించి, సమానమైన ఒత్తిడితో లోపలికి నొక్కి వదలండి. లోపల గరగరమని రాసుకున్న చప్పుడు వస్తే వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) పక్కకు జరిగిందని అర్థం. వెనుక గాలి రంధ్రం ఉంటే వాసన చూడండి, కాలిన వార్నిష్ వాసన ఎన్నేళ్లయినా పోదు. మల్టీమీటరుతో కొలిస్తే 4 ఓముల కాయిల్ 3.2 నుంచి 3.7 వరకు చూపిస్తుంది. ఇక 1.5 వోల్టుల సెల్‌ను ప్లస్‌కు ప్లస్ కలిసేలా ఒక్క క్షణం తాకిస్తే కోన్ ముందుకు ఉబకాలి. రెండు కాయిళ్లు ఉన్నదైతే దేనికదే విడిగా ఈ పరీక్ష చేయాలి, ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ కదిలితే గుర్తులు తారుమారయ్యాయన్నమాట.

ఎక్కువ మంది దెబ్బతినేది సబ్‌వూఫర్‌ను బిగించే డబ్బా దగ్గర. పాత సబ్‌వూఫర్లు చాలావరకు తేలికైన కోన్‌తో, తక్కువ కదలికతో, పెద్ద డబ్బాలో, తక్కువ శక్తితోనే గట్టిగా మోగేలా రూపొందినవి. వాట్లు చవకయ్యాక తయారీదారులు కోన్ బరువు పెంచి, కాయిల్ పొడవు పెంచి, చిన్న డబ్బాలో ఇమిడేలా చేశారు, దానికి బదులుగా అవి ఎక్కువ శక్తిని అడుగుతాయి. చిన్న డబ్బా, లోతైన మంద్రం, తక్కువ శక్తితో పెద్ద మోత అనే మూడూ ఒకేచోట దొరకవని హాఫ్‌మన్ సూత్రం చెబుతుంది. అందుకే కొత్త సబ్‌వూఫర్ కోసం చేసిన చిన్న డబ్బాలో పాతదాన్ని దూర్చకూడదు. థీల్, స్మాల్ అనే ఇంజనీర్ల పేరుతో పిలిచే కొలతలు పాత మాన్యువల్‌లో దొరికితే లెక్క కట్టవచ్చు. స్వతహాగా 28 హెర్ట్జ్ వద్ద కంపించే సబ్‌వూఫర్‌కు, దాని సస్పెన్షన్ (కోన్‌ను పట్టి ఉంచే సాగే భాగాలు) బిగువుతో సమానమైన గాలి పరిమాణం 100 లీటర్లు అనుకుందాం. 80 లీటర్ల మూసిన డబ్బాలో ఆ కంపనం 42 హెర్ట్జ్‌కు, 28 లీటర్ల డబ్బాలో దాదాపు 60 హెర్ట్జ్‌కు ఎగబాకుతుంది. ఆ రెండో డబ్బాలో వినిపించేది లోతైన మంద్రం కాదు, ఒకే స్వరం దగ్గర ఉబ్బిన దబదబ.

ఓముల లెక్క కూడా మారింది. ఇప్పటి మోనో (ఒకే చానల్ ఉన్న) యాంప్లిఫయర్లు 1 లేదా 2 ఓముల దగ్గర పూర్తి శక్తి ఇచ్చేలా తయారవుతాయి కాబట్టి, 1 ఓము దగ్గర 1000 వాట్లు ఇచ్చేది పాత 4 ఓముల సబ్‌వూఫర్‌కు అందులో దాదాపు మూడో వంతే ఇస్తుంది. పాతదానికి అదే సరైన మోతాదు కావచ్చు, నిరాశపడనవసరం లేదు. ప్రమాదం దీనికి ఎదురు దిశలో ఉంది: రెండేసి ఓముల జంట కాయిళ్లున్న కొత్త సబ్‌వూఫర్‌ను సమాంతరంగా కలిపి 1 ఓము చేసి, బ్రిడ్జ్ చేసిన (రెండు చానళ్లను కలిపి ఒకటిగా వాడే) పాత యాంప్లిఫయర్‌కు తగిలిస్తే అది తట్టుకోలేదు. ఆ కాయిళ్లను వరుసగా కలిపి 4 ఓములు చేయాలి.

తీగల విషయంలో, బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ప్రధాన ఫ్యూజు ఉండాలి. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ వాడితే ఒకటి రెండు సైజులు లావుది ఎంచుకోవాలి. ఎర్త్ (కారు లోహపు శరీరానికి కలిపే మైనస్ తీగ) కోసం రంగు గీకి లోహం బయటపడ్డ చోట బోల్టు బిగించాలి. బ్యాటరీ మైనస్ మీద సెన్సర్ ఉన్న కొత్త కార్లలో ఎర్త్‌ను ఆ టెర్మినల్‌కు కలపకూడదు. ఒకప్పుడు తప్పనిసరి అనుకున్న 1 ఫారడ్ కెపాసిటర్ (కాస్త విద్యుత్తును నిల్వచేసి వెంటనే ఇచ్చే భాగం) 14 నుంచి 12 వోల్టులకు పడేలోగా ఇచ్చేది 26 జౌళ్లే, 600 వాట్లు లాగే యాంప్లిఫయర్‌కు అది సెకనులో ఇరవయ్యో వంతు కూడా చాలదు. ఆ డబ్బును మంచి తీగ మీద పెట్టడమే తెలివి.

చివరగా గెయిన్. అది వాల్యూమ్ మీట కాదు, స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కు యాంప్లిఫయర్‌ను సరిపెట్టే మీట. సబ్‌వూఫర్ నిరంతరం భరించే వాట్లను ఓములతో గుణించి వర్గమూలం తీయండి, 200 వాట్లు, 4 ఓములైతే 28 వోల్టులు వస్తుంది. సబ్‌వూఫర్ తీగలు విప్పి, బాస్ బూస్ట్ పూర్తిగా తగ్గించి, ఇంజిను నడుస్తుండగా 50 హెర్ట్జ్ పరీక్షా స్వరాన్ని స్టీరియోలో ముప్పావు వాల్యూమ్ దగ్గర మోగించండి. మల్టీమీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, యాంప్లిఫయర్ స్పీకరు టెర్మినళ్లకు తాకించి, 28 చూపేవరకు గెయిన్‌ను మెల్లగా పెంచి అక్కడ ఆపండి. తీగలు తిరిగి బిగించాక మంద్ర స్వరాలను మాత్రమే పోనిచ్చే లో పాస్ ఫిల్టరును 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి అరగంట సేపు పాటలు మోగించి, ఫ్యూజు హోల్డరునూ ఎర్త్ బోల్టునూ వేలితో తాకి చూడండి. వాటిలో ఏది చురుక్కుమన్నా అక్కడ బిగింపు సరిగా లేదు, ఇంజిను ఆపి, ముందుగా బ్యాటరీ మైనస్ విప్పి మళ్లీ బిగించాలి.