జీడి పిక్కలు పోతే తగువు ఎలా తీర్చాలి: పరిహారం వేరు, శిక్ష వేరు

మా శ్రీకాకుళం ఉద్దానం వైపు జీడి పిక్కలు రాలే టైమ్‌లోనే తగువులు కూడా రాలతాయి. మూడేళ్ళ కిందట మా మావయ్య డాబా మీద ఎండబెట్టిన పిక్కల్లో ముప్పై కేజీలు రాత్రికి రాత్రి మాయం. తీసినోడు దొరికాడు, ఒప్పుకున్నాడు, పెద్దమనుషులు కూర్చుని 5,000 తప్పు వేశారు, ఆ డబ్బు నేరుగా అమ్మవారి సంబరం ఖాతాలోకి పోయింది. మావయ్యకి ఏటి మిగిలిందంటే ఒక టీ.

మీ ఊళ్ళో ఇలాంటి తగువుకి మిమ్మల్ని కూర్చోమంటే ఎలా లెక్కెయ్యాలో చెప్తాను. ఇది నా సొంత తెలివి కాదు. మనిషి ఒళ్ళు, వాడి కష్టార్జితం వాడివే, వాటి మీద చెయ్యెయ్యడానికి పక్కోడికీ హక్కు లేదు ప్రభుత్వానికీ లేదు అనే లిబర్టేరియన్ల దగ్గర తీసుకున్నదే.

ముందు అడగాల్సింది "ఎవడు తీశాడు" కాదు, "ఎవరికి పోయింది" అని. 17వ శతాబ్దంలోనే ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ చెప్పాడు, శిక్షించే హక్కు అందరిదీ కావచ్చు గానీ నష్టం రాబట్టుకునే హక్కు మాత్రం నష్టపోయినోడిదే అని. అంటే దాన్ని ఊరు తీసేసుకోకూడదు, సంబరానికైనా సరే.

తర్వాత పరిహారం. ఆ దొంగతనం జరక్కపోతే మనిషి ఎక్కడ ఉండేవాడో అక్కడికి తెచ్చి నిలబెట్టాలి, ఇదీ కొలత. 80 కేజీల బస్తా 12,000 అనుకుందాం, కేజీ 150, ముప్పై కేజీలకి 4,500. అక్కడితో ఆగకండి, వెతుక్కుంటూ పనికెళ్ళని రెండు రోజుల కూలి, పలాస వెళ్ళొచ్చిన ఆటో ఖర్చు, అన్నీ కలపండి.

ఇంతే కట్టిస్తే దొంగకి పోయేదేటి? దొరికితే తిరిగిస్తాడు, దొరక్కపోతే లాభం. అందుకే శిక్ష వేరే గడిలో రాయండి. అమెరికా లిబర్టేరియన్, ఆర్థికవేత్త ముర్రే రోత్‌బార్డ్ 1982లో చెప్పిన లెక్క ప్రకారం తిరిగిచ్చినదానికి పైన అంతే మళ్ళీ, అదీ నష్టపోయినోడికే. అక్కడి తత్వవేత్తే రాబర్ట్ నోజిక్ 1974లో ఇంకో రకంగా చెప్పాడు, జరిగిన చెడుని ఆ మనిషి బాధ్యతతో గుణించమన్నాడు, పూర్తి బాధ్యతైతే ఒకటి, అసలు లేకపోతే సున్నా. నాకిదే నచ్చింది. నిచ్చెన తెచ్చుకుని మరీ ఎక్కినోడికి ఒకటి, పరిహారం కాక శిక్ష 4,500 పూర్తిగా పడాలి. పెద్దోళ్ళు ఎక్కించిన పద్నాలుగేళ్ళ గుంటడికి సగం వేసుకోండి, 2,250. తాడు తెగి మేక వచ్చి మొక్కలు మేసేస్తే మేక ఓనరుకి శిక్ష సున్నాకి దగ్గర, పరిహారం మాత్రం మొత్తం. మనోళ్ళు ఎక్కువ తప్పేది ఇక్కడే, "పాపం కావాలని చెయ్యలేదుగా" అని రెండూ కొట్టేస్తారు.

తీసినోడు డబ్బున్నోడై "ఎంతో చెప్పండి, పడేస్తాను" అన్నాడనుకోండి, ఒప్పుకోకండి. అడిగి కొనుక్కుని ఉంటే రేటు చెప్పేది మావయ్య, అడక్కుండా తీసుకుంటే చెప్పేది మనం, ఇది బేరం కాదు. పైగా రేపు ఎవరి డాబా ఎక్కుతాడో అని ఊరంతా భయపడుతుంది చూడండి, ఆ భయానికి ఎవడు కడతాడు? నోజిక్ కూడా ఈ భయం గురించే చాలా తల బద్దలుకొట్టుకున్నాడు.

నష్టపోయినోడు క్షమిస్తే శిక్ష వదిలెయ్యొచ్చంటాడు రోత్‌బార్డ్. ఇక్కడ నాకు డౌటు. పదిమంది ముందు "వదిలెయ్ రా" అంటే ఎవడు కాదంటాడు, అందుకని ఆ మాట విడిగా, ఇంటికెళ్ళి అడగండి.

ఒక హెచ్చరిక, కొట్లాట, ఆడవాళ్ళ మీద అఘాయిత్యం, కులం పేరుతో దూషణ లాంటివి రచ్చబండ మీదకి తేవొద్దు, స్టేషన్‌కే వెళ్ళాలి. పెద్దమనుషులకి జరిమానా వేసే అధికారం చట్టం ఇవ్వలేదు, ఇద్దరూ ఇష్టపడితేనే ఈ లెక్క. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా 5,000 లోపు దొంగతనం, మొదటిసారి దొరికినోడు సొత్తు తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవే.

ఒప్పందం కాగితం మీద రెండు గడులుగా రాసి ఇద్దరి సంతకాలు పెట్టించి, డబ్బు అందరి ముందూ నష్టపోయినోడి చేతిలోనే పెట్టించండి. అందులోంచి సంబరానికి ఇస్తాడో మానేస్తాడో వాడిష్టం. మా మావయ్యైతే చందాకి వచ్చినోళ్ళతో ఇప్పటికీ అదే అంటాడు, "నాది మూడేళ్ళ కిందటే ముట్టింది కదేటి."