ఉద్యోగం మానేసి వ్యాపారంలో దిగేముందు ఈ జాగ్రత్తలు

బోనస్ చేతికి రాగానే రాజీనామా ఇచ్చేసి సొంత వ్యాపారం పెట్టుకుందామని ఎంతోమంది అనుకుంటుంటారు. అలా అనుకున్న రోజు నుంచి చదివేదంతా చేతిలో చిల్లిగవ్వ లేకుండా మొదలై కోట్లకు ఎదిగినవాళ్ల కథలే. చదవండి, తప్పేం లేదు. నాకూ వాళ్లంటే ఎంతో గౌరవం. అయితే ఆ కథల్లో తెగించిన ఘట్టాన్ని పేజీలకు పేజీలు చెప్తారు, తీసుకున్న జాగ్రత్తను ఒక్క వాక్యంలో దాటేస్తారు. మనకు పనికొచ్చేది ఆ ఒక్క వాక్యమే.

నిర్మా సంగతే చూడండి. గుజరాత్‌లో రైతు కుటుంబంలో పుట్టిన కర్సన్‌భాయ్ పటేల్ 1969లో ఇంటి పెరట్లో బట్టల సబ్బు పొడి తయారుచేసి, సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి కిలో 3 రూపాయలకు అమ్మారు. పేరున్న పొడి ధర అప్పట్లో అంతకు మూడు రెట్ల పైమాటే. ఇది అందరికీ తెలిసిన కథ. అప్పుడాయన రాష్ట్ర ప్రభుత్వ గనుల శాఖలో ఉద్యోగి అనీ, అమ్మకాలన్నీ ఆఫీసు వేళల తర్వాతేననీ, సుమారు మూడేళ్లు గడిచి నమ్మకం కుదిరాకే ఉద్యోగం వదిలారనీ ఎంతమందికి గుర్తుంటుంది?

కాబట్టి మొదటి జాగ్రత్త, జీతం వస్తుండగానే సరుకు అమ్మి చూడటం. బంధువులు, ఆఫీసులో పక్క సీటువాళ్లు కొంటే దాన్ని అమ్మకం కింద లెక్కవేయకండి. వాళ్లు మొహమాటానికి కొంటారు. మీ పేరు కూడా తెలియని మనిషి ఒకసారి డబ్బిచ్చి కొని, అది అయిపోగానే మళ్లీ వెతుక్కుంటూ రావాలి. ఆ రెండో కొనుగోలే అసలు లెక్క. దానికోసం ప్యాకెట్ చిన్నదిగా పెట్టండి. 15 వేల రూపాయలతో మొదలైన సి.కె. రంగనాథన్ చిక్ షాంపూ ఊళ్లలోకి వెళ్లింది సాషేలతోనే. చిన్న ప్యాకెట్ త్వరగా అయిపోతుంది, మనిషి మళ్లీ వస్తాడో రాడో త్వరగానే తేలిపోతుంది. ఒక్క మాట, పక్కన వేరే పని చేసుకోవచ్చో లేదో మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూసుకోండి. ప్రభుత్వ ఉద్యోగులైతే ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు.

పని తెలియని రంగంలోకి మాత్రం దిగకండి. తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు అంజిరెడ్డి గారు డాక్టర్ రెడ్డీస్ పెట్టింది 1984లో. అంతకుముందు హైదరాబాద్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేశారు, తర్వాత యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ సంస్థలు నడిపారు. అంటే మందుల తయారీలో దాదాపు పదిహేనేళ్లు నలిగాక పెట్టిన కంపెనీ అది. హోటల్ పెట్టాలనుకుంటే ముందు ఏదో ఒక హోటల్లో కొన్ని నెలలు గల్లాపెట్టె దగ్గరా, వంటగదిలోనూ పనిచేసి చూడండి. నూనె ఎంత పోతోందో, రాత్రికి ఎంత కూర మిగిలిపోతోందో అక్కడే తెలుస్తుంది.

ఇక డబ్బు. నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది దీని గురించే. పుస్తెలు తాకట్టు పెట్టి గెలిచారని కథల్లో గొప్పగా రాస్తారు. తాకట్టు పెట్టి పోగొట్టుకున్నవాళ్ల గురించి ఎవరూ రాయరు, కాబట్టి వాళ్లెంతమందో మనకు కనిపించదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి తక్కువగానే ఉంటుంది, ఏడాదికి అది 24 శాతం. అయిదు లక్షలు తెస్తే నెలకు పదివేలు వడ్డీకే పోతుంది. పచ్చడి ప్యాకెట్ మీద మీకు ఇరవై రూపాయలు మిగిలితే, ప్రతి నెలా మొదటి 500 ప్యాకెట్లు అప్పిచ్చినవాడి కోసం అమ్మినట్టే. బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా రుణం అడిగి చూడండి. శిశు విభాగంలో 50 వేల వరకు ఇస్తారు, తాకట్టు అక్కర్లేదు. ఎవరికీ ఖాళీ చెక్కులు సంతకం చేసి ఇవ్వకండి. చెక్కు బౌన్స్ అయితే రెండేళ్ల వరకు జైలు పడే కేసు అది. అన్ననో బావమరిదినో షూరిటీ పెట్టేముందు వాళ్లకు ఉన్నమాట చెప్పండి: మీరు కట్టకపోతే బ్యాంకు నేరుగా వాళ్ల దగ్గరకే వెళ్లొచ్చు.

అరువు దగ్గర మునిగిపోయేవాళ్లు ఎక్కువ. కొత్తగా సరుకు తెచ్చినవాణ్ని చూడగానే దుకాణదారు అనే మాట ఒకటుంది: “పాత బిల్లు వచ్చే వారం చూద్దాంలే, ఇది దించేసి వెళ్లు.” మొహమాటపడి దించారో, ఇక వారం వారం దించడమే. నెలకు రెండు లక్షల సరుకు వేసి, డబ్బు నలభై అయిదు రోజులకు వస్తోందంటే మీ మూడు లక్షలు ఎప్పుడూ బజారులోనే ఉంటాయి. పుస్తకంలో లాభం కనిపిస్తుంది, చేతిలో మాత్రం కారం కొనడానికి డబ్బుండదు. పాత బిల్లు కట్టాకే కొత్త సరుకు అని మొదటి రోజే చెప్పేయండి. కుదరదన్న దుకాణాన్ని వదిలేయండి.

చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యం రిజిస్ట్రేషన్ తప్పకుండా చేయించుకోండి. ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం, ఏజెంట్లకు డబ్బులివ్వకండి. తయారీ, సేవల రంగాల్లో ఉన్న చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెప్తోంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ అడగొచ్చు, ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు లేకుండా ఇచ్చిన సరుకుకు ఇవేవీ అక్కరకు రావు. తినే వస్తువైతే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. ఇంటి ఖాతా, వ్యాపార ఖాతా వేరుగా పెట్టుకోండి.

కాస్త నిలదొక్కుకున్నాక వచ్చే ప్రమాదం వేరు. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష కిరాణా దుకాణాలు పదేళ్లు దాటేసరికి దేశమంతటా 1,600 అయ్యాయి. అప్పుల మీద అంత వేగంగా విస్తరించి, చేతిలో నగదు అయిపోవడంతో 2009కల్లా మూతపడ్డాయి. జనం రాకపోవడం వల్ల కాదు. మొదటి దుకాణం తన ఖర్చులు తాను పెట్టుకుని మీకూ జీతం ఇచ్చేదాకా రెండోదానికి అడ్వాన్స్ ఇవ్వకండి.

చివరిగా ఇంటి సంగతి. మహా అయితే ఎంత పోగొట్టుకోగలం, ఎన్నాళ్లు చూద్దాం అన్నది భార్యాభర్తలిద్దరూ కూర్చుని ముందే అనుకోండి. ఏడాది ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు పక్కన పెట్టండి, పీఎఫ్ అంతా ఊడ్చి పెట్టుబడి పెట్టకండి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా మీ ఉద్యోగంతోనే ఆగిపోతుంది. కొత్త పాలసీలో ప్రమాదాలు తప్ప మామూలు జబ్బులకు మొదటి 30 రోజులు క్లెయిమ్ రాదు. అమ్మానాన్నలకు ముందునుంచే షుగరో బీపీయో ఉంటే ఆ ఎదురుచూపు మూడేళ్ల దాకా ఉండొచ్చు. అందుకే రాజీనామా లేఖ ఇవ్వడానికి కొన్ని నెలల ముందే, ఇంకా జీతం పడుతున్నప్పుడే, ఇంటిల్లిపాదికీ సొంత పాలసీ తీసుకోండి.